బల్దియా మొక్క, బస్తీ చెట్టు

హైదరాబాదు తెలుగు పేపర్లలో పనిచేసేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. హెడ్డింగులో ‘గ్రేటర్ హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్’ అని పెట్టడానికి చోటు చాలదు కాబట్టి ‘బల్దియా’ అని పెట్టేస్తాం. వరంగల్ ఎడిషన్‌లోనూ అంతే. అరబీలో ‘బలద్’ అంటే ఊరు. ఊరి బాగోగులు చూసే దఫ్తరు బల్దియా. నిజాం జమానా ఉర్దూ కాగితాల్లో తిరిగిన మాట ఇది. ఆ కాగితాలు పోయాయి, మాట మాత్రం పోలేదు. డెస్కులో నా పక్కన కూర్చున్న కుర్రాళ్లు చాలామంది అది అచ్చ తెలుగు మాటే అనుకునేవారు. అనుకోనీ. మన మాట వాళ్ల సొంతమైపోయిందంటే అంతకన్నా ఏం కావాలి!

బల్దియా ఊసు ఎందుకెత్తానంటే, ఏటా వానాకాలం రాగానే అది మొక్కలు పంచుతుంది. సడక్ పక్కన గుంతలు తీస్తుంది, లీడర్లు వస్తారు, ఫోటోలు దిగుతారు. దసరా నాటికి చాలా గుంతల్లో ఊతకర్ర ఒక్కటే నిలబడి ఉంటుంది. నాటడం సర్కారు పని సరే, పెంచడం ఎవరి పని? ఈ సవాల్ మన కాలంలో పుట్టింది కాదు. తారీఖ్‌లో దీనికి ఒక్కో జమానా ఒక్కో జవాబు చెప్పుకుంది. అందులో మన హైదరాబాదు చెప్పుకున్న జవాబులు నాకు ఎక్కువ ఇష్టం కాబట్టి వాటి దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

ముందు దూరం నుంచి మొదలుపెడదాం. కర్నూలు జిల్లా ఎర్రగుడి గుట్ట మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిలో రెండోది దవామందుల గురించి, బాటల గురించి. మనుషులకూ పశువులకూ పనికొచ్చేలా బాటల వెంట చెట్లు నాటించినట్టు, బావులు తవ్వించినట్టు అందులో ఉంది. చెట్టూ బావీ జోడీగా వచ్చాయని గమనించండి. నీళ్ల బందోబస్తు లేకుండా నీడ గురించి మాట్లాడలేదు ఆ బాద్‌షా.

ఉర్దూ మీడియంలో చదివిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ షేర్‌షా సూరి తెలుసు. 1540 నుంచి 1545 దాకా ఐదేళ్లే రాజ్యం. పరీక్షలో సడక్ గురించి ఒక సవాల్ తప్పకుండా వచ్చేది. ‘సడక్ వేయించాడు, ఇరువైపులా చెట్లు నాటించాడు, సరాయిలు కట్టించాడు’ అని రాస్తే మార్కులు పడేవి. మాస్టర్ సాబ్ చెప్పనిదొకటి తర్వాత చదువుకుని తెలుసుకున్నాను. ప్రతి రెండు కోసులకు ఒక సరాయి, అందులో బావి, మసీదు, ఇమాం, నౌకర్లు. సరాయి చుట్టూ జనాన్ని స్థిరపరిచి, ఆ ఖర్చులకని భూమి కూడా రాసిచ్చాడు. అంటే చెట్టు ఉన్న చోటే మనిషి ఉన్నాడు, ఆ మనిషికి అక్కడే తిండి దొరికింది. తర్వాత జహంగీర్ ఆగ్రా నుంచి అటక్ దాకా, మరోవైపు బెంగాల్ దాకా చెట్లు నాటించాడు. 1619లో ఆగ్రా, లాహోర్ మధ్య కోసుకొక మీనారు, మూడు కోసులకొక బావి కట్టమని హుకుం ఇచ్చాడు. ఇక్కడా బావి తప్పలేదు.

ఇక మన దీన్‌లో ఈ మాట ఎక్కడుందో మీకు తెలుసు. నాటిన చెట్టు నుంచి పిట్ట తిన్నా, మనిషి తిన్నా, పశువు తిన్నా నాటినవాడికి అది సదఖా అవుతుందనే హదీస్ బుఖారీలోనూ ముస్లింలోనూ ఉంది. జుమా ఖుత్బాలో వినని వాళ్లుండరు. నాకు ఆలింల ఇల్మ్ లేదు. కానీ తెలుగు డిగ్రీ చదివినవాణ్ని, వాక్యంలో క్రియ ఎక్కడుందో వెతకడం అలవాటు. అక్కడ క్రియ తినడం. నియ్యత్‌కు సవాబు ఉండదని నేననను. అయితే పిట్ట తినాలంటే ముందు చెట్టు బతకాలి కదా.

ఇప్పుడు హైదరాబాదుకు వద్దాం.

బషీర్‌బాగ్, రాంబాగ్, జాంబాగ్, బాగ్‌లింగంపల్లి, బాగె ఆమ్. ఈ ఊరి పేర్లలో ఎన్ని బాగులో! 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వ్యాపారి తవెర్నియే ఈ ఊరిని బాగ్‌నగర్ అనే రాసుకున్నాడు. భాగమతి పేరా, బాగుల పేరా అనే బహస్‌లోకి నేను పోను. ఎలక్షన్లప్పుడు ఆ పనికి వేరే వాళ్లున్నారు. నాకు నచ్చిన పేరు ఇమ్లీబన్. బస్సు దిగిన ప్రతిసారీ కండక్టర్ నోట విన్నదే. ఇమ్లీ కా బన్, అంటే చింతతోపు. అదే ఊళ్లో చింతల్‌బస్తీ కూడా ఉంది. ఒకే చెట్టుకు రెండు జుబానుల్లో రెండు మొహల్లాలు పుట్టాయి.

చింతకు అంత గిరాకీ ఊరికే రాలేదు. దక్కన్ ఎండకు తట్టుకుంటుంది, మూడు నాలుగు తరాలు బతుకుతుంది, ఈదురుగాలికి పడదు. పైగా కాయకు డబ్బొస్తుంది. సడక్ పక్క చింతచెట్ల కాయను ఏటా వేలం వేసే రివాజు మా చిన్నతనంలోనూ జిల్లాల్లో నడిచింది. పాట పాడుకున్నవాడు కాయ దించుకునే దాకా ఆ చెట్లకు కావలి ఉండేవాడు. కొమ్మ నరికితే ఊరుకునేవాడు కాదు, ఎందుకంటే తన రూపాయి ఆ కొమ్మ మీద ఉంది. ఖట్టీ దాల్, బగారా బైగన్ తినేవాళ్లకు ఇంకా చెప్పాలా? సర్కారు చెట్టును మనిషి తన చెట్టులా చూసుకోవడానికి ఆ వేలం ఒక తరీఖా. అటవీ కాలేజీలు పుట్టక ముందే మన తహసీల్దార్లకు తెలిసిన తరీఖా అది.

బల్దియా సంగతి. మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్నప్పుడు, 1869లో, హైదరాబాదుకు మునిసిపల్ బందోబస్తు మొదలైంది. లోపలి షహర్‌ను నాలుగు భాగాలుగా, బయటి ఇలాకాను ఐదు భాగాలుగా చేశారు. చాదర్‌ఘాట్‌కు వేరే మునిసిపాలిటీ ఉండేది. 1933లో రెండూ కలిశాయి. ఆ రోజుల్లో సడక్‌ల మీద దుమ్ము లేవకుండా భిష్తీలు మష్క్‌తో నీళ్లు చల్లేవారు. తోలుసంచీ వీపున వేసుకుని నడిచిన ఆ భిష్తీల పేర్లు ఏ కితాబులోనూ లేవు. నవాబుల పేర్లతో గేట్లున్నాయి, మహళ్లున్నాయి. సడక్‌కు నీళ్లు తాపినవాళ్ల పేరుతో ఒక గల్లీ అయినా ఉండాల్సింది.

1908 సెప్టెంబరు 28. రంజాన్ మొదలై ఒకటి రెండు రోజులే. మూసీకి తుగ్యానీ వచ్చింది. అఫ్జల్ పుల్, ముసల్లంజంగ్ పుల్, చాదర్‌ఘాట్ పుల్ దెబ్బతిన్నాయి, కుతుబ్‌షాహీల పురానా పుల్ నిలబడింది. చనిపోయినవాళ్లు సుమారు 15 వేల మంది అని అంచనా. రుబాయీల షాయిర్ అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ, భార్యనూ, కూతురునూ పోగొట్టుకున్నారు. ఇల్లంతటిలో ఆయనొక్కరే మిగిలారు. తర్వాత ఆయన కలం నుంచి వచ్చిన సబ్ర్ మాటలు చదివేటప్పుడు ఈ సంగతి తెలిసి చదవాలి.

అఫ్జల్‌గంజ్ దగ్గర, ఇవాళ ఉస్మానియా దవాఖానా ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. ఆ వరదలో 150 మంది దాకా ఆ చెట్టెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. హిందువులు, ముస్లింలు, ఆడవాళ్లు, పిల్లలు, ఎవరు ఏ కొమ్మ మీద ఉన్నారో ఎవరడిగారు! ఆ చెట్టు ఇంకా ఉంది. సెప్టెంబరు 28న ఊరి మీద ప్రేమ ఉన్నవాళ్లు కొందరు దాని కింద చేరి నాటి వాళ్లను తలుచుకుంటారు. నేను రెండు మూడుసార్లు పోయాను. మిగతా రోజుల్లో అక్కడ పేషెంట్ల వెంట వచ్చినవాళ్లు గిన్నెలు విప్పుకుని అన్నం తింటూ కనిపిస్తారు. నాకు ఆ మిగతా రోజులే ఎక్కువ ఇష్టం.

ఒక చెట్టు మీద 150 మంది నిలవాలంటే అది ఎంత పాతదై ఉండాలి, దాని కాండం ఎంత లావుండాలి! దాన్ని ఎవరు నాటారో ఎవరికీ తెలియదు. నాటినవాడికీ అది వరదలో అక్కరకొస్తుందని తెలియదు.

ఆ తుగ్యానీ తర్వాతే ఊరి రూపు మారింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి లెక్కలు తీశారు. ఆయన సలహా మీద ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1912లో, ఆరాయిషె బల్దా పేరుతో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. ఇరుకు బస్తీలను విప్పి సడక్‌లు వెడల్పు చేయడం, నాలాలు, మార్కెట్లు, మూసీ ఒడ్డున బాగులు దాని పనులు. ‘ఆరాయిష్’ అంటే అలంకారం. ఇంగ్లీషువాళ్లు ‘ఇంప్రూవ్‌మెంట్’ అన్నదాన్ని మనవాళ్లు అలంకారం అన్నారు. హైకోర్టు, ఉస్మానియా దవాఖానా నది ముఖంగా లేచింది ఆ వరుసలోనే. ఆ ఒడ్డు ఇవాళ ఎలా ఉందో మీరే చూస్తున్నారు, నేను రాస్తే బాగుండదు.

ఈ కథలో ఒక పేరు మన పిల్లలకు తెలియాలి. సర్ మిర్జా ఇస్మాయిల్. 1926 నుంచి 1941 దాకా మైసూరు దివాను. బెంగళూరుకు బాగుల ఊరనే పేరు రావడంలో ఆయన హాథ్ పెద్దది. జర్మనీ నుంచి వచ్చిన క్రుంబీగల్ అనే బాగ్‌బాన్ ఆయనకు తోడు. ఒక సడక్ చెట్లు పూత రాల్చేసరికి ఇంకో సడక్ చెట్లు పూతకొచ్చేలా, ఏడాది పొడుగునా ఊళ్లో ఎక్కడో ఒకచోట పూలుండేలా ఆ క్రుంబీగల్ వరసలు ఎంచాడు. మిర్జా సాబ్ పొద్దున్నే గుర్రమెక్కి వీధులు చూసేవారని పేరు. జైపూర్‌లో పెద్ద సడక్‌కు ఆయన పేరే ఉంది. 1946లో హైదరాబాదుకు సద్రే ఆజంగా వచ్చారు, ఏడాది కూడా నిలవలేదు. ఆ రోజుల హైదరాబాదులో చెట్ల గురించి ఆలోచించే తీరిక ఎవరికుంది? సియాసత్ మరుగుతున్న కాలం.

ఆ వెంటనే వచ్చే ఇంకో పేరు కన్హయ్యాలాల్ మున్షీ. మన పెద్దల నోట ఈ పేరు వేరే సందర్భంలో వస్తుంది, 1948లో పోలీస్ యాక్షన్ దాకా హైదరాబాదులో ఇండియా సర్కారు ఏజెంట్ జనరల్ ఆయనే. ఆ కథ ఇక్కడ వద్దు. అయితే అదే మున్షీ రెండేళ్ల తర్వాత కేంద్రంలో వ్యవసాయ మంత్రిగా, 1950 జులైలో, దేశమంతటా వనమహోత్సవం మొదలుపెట్టారు. ఇవాళ స్కూలు పిల్లలు జులైలో మొక్కలు పట్టుకుని నిలబడే రివాజు అక్కడిదే. ఒకే మనిషి రెండు తారీఖుల్లో రెండు రకాలుగా గుర్తుంటాడు. రెండూ రాయడమే తారీఖ్ రాసేవాడి పని.

తెలంగాణ వచ్చాక 2015 జులైలో చిలుకూరులో హరితహారం మొదలైంది. 230 కోట్ల మొక్కలు, పచ్చదనం 24 శాతం నుంచి 33 శాతం అనే లక్ష్యం. తర్వాత 2019 మునిసిపల్ చట్టం ప్రతి పురపాలికా తన బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి తీసిపెట్టాలంది, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలంది, దానికి వార్డు మెంబర్లనూ జవాబుదారీ చేసింది. 2020 సంవత్సరానికి హైదరాబాదుకు ‘ట్రీ సిటీ ఆఫ్ ద వరల్డ్’ అనే గుర్తింపు కూడా వచ్చింది. 2024 నుంచి పేరు మళ్లీ వనమహోత్సవం. మున్షీగారి దగ్గరికే తిరిగొచ్చాం.

చట్టం మంచిదే. అందులో డబ్బుంది, లెక్కుంది, బాధ్యత ఉంది. హరితహారం వల్ల హైవేల పక్కన, ఔటర్ రింగ్ రోడ్డు మీద వచ్చిన పచ్చదనం కళ్లతో చూస్తున్నదే, దాన్ని కాదనేవాణ్ని నేను నమ్మను. అయితే 85 శాతం అని రాసి పెట్టాక రిజిస్టరులో 85 రాయకుండా ఎవరుంటారు? ఒక జిల్లా మునిసిపాలిటీలో రిజిస్టరు తీసుకుని ఒక సడక్ వెంట నడిచాను. కాగితం మీద చెట్టున్న చోట నేల మీద పకోడీ బండి ఉంది. బండివాడిది తప్పు కాదు. ఆ గుంత ఎవరిదో అతనికి ఎవరూ చెప్పలేదు.

చెట్టు ఎంపిక కూడా ఒక గొడవ. తొందరగా పచ్చగా కనపడాలని డివైడర్ల మీద, కాంపౌండ్ల వెంట కోనోకార్పస్ వేశారు. మేక తినదు, ఎండకు వాడదు, నర్సరీలో చకచకా పెరుగుతుంది. పిట్టకు దానితో పని లేదు, వేర్లు పైపుల్లోకి పోతాయని గోల. గుల్‌మోహర్ మడగాస్కర్ నుంచి వచ్చింది, మే నెలలో దాన్ని చూస్తే దిల్ ఖుష్ అవుతుంది. కానీ మొదటి గాలివానకు కరెంటు తీగల మీద పడేదీ అదే. వేప, చింత, కానుగ, రావి, మర్రి నెమ్మదిగా పెరుగుతాయి. ఐదేళ్లకోసారి ఓటడిగే నిజాంలో ముప్పై ఏళ్ల చెట్టుకు వకాలత్ చేసేవాడు దొరకడు. నాటిన చెట్టుకైనా గాలి ఆడనివ్వం. ఫుట్‌పాత్ బాగుచేస్తున్నామని మొదలు దాకా సిమెంటు పోసేస్తాం. ఢిల్లీ చెట్ల విషయంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమని చెప్పింది. మన ఊళ్లలో ఆ మాట ఎవరి చెవికీ ఎక్కినట్టు లేదు.

పెంచినవాళ్లు ఎక్కడైనా మామూలు మనుషులే. ఖమ్మం దగ్గర రెడ్డిపల్లి దరిపల్లి రామయ్యగారు జేబులో గింజలు వేసుకుని సైకిల్ మీద తిరిగి రోడ్ల పక్కన, కాలవ గట్ల మీద నాటుకుంటూ పోయారు. కోటికి పైనే నాటారని చెప్పుకుంటారు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2025 ఏప్రిల్‌లో పోయారు. ‘వనజీవి’ ఆయన ఇంటిపేరైపోయింది. కర్ణాటకలో తిమ్మక్క హులికల్ దగ్గర సడక్ వెంట మర్రిచెట్లు పెంచింది. పిల్లల్లేని ఆ జంట కడవలతో నీళ్లు మోసి తాపింది. ఈ ఇద్దరికీ మునిసిపాలిటీ మొక్కలివ్వలేదు, ముందు వాళ్లే మొదలుపెట్టారు, సర్కారు తర్వాత వెంట వచ్చింది.

అలాంటి మనుషులు బస్తీల్లోనూ ఉంటారు. మా మొహల్లాలో ఒక ఖాలా ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, గోష్ కడిగిన నీళ్లు బల్దియా వేపమొక్కకే పోసేది. మేకలు రాకుండా పాత మంచం పట్టెలు కట్టింది. ఒకరోజు కరెంటువాళ్లు కొమ్మలు కొట్టడానికి వస్తే అడ్డం నిలబడింది. “చెట్టు మీది కాదు కదమ్మా, మునిసిపాలిటీది” అన్నాడు ఆ అబ్బాయి. “సాయా తో మేరా హై నా బేటా” అంది ఖాలా. అతను తీగకు తగిలే కొమ్మ మటుకే కొట్టి వెళ్లాడు. ఇందులో ఇద్దరికీ న్యాయం ఉంది. కరెంటు కావాలి, సాయా కావాలి.

అంత సులువుగా తెగని ఝగడా చేవెళ్ల సడక్‌ది. పోలీస్ అకాడమీ కూడలి నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు, దాని వెంట దాదాపు 900 మర్రిచెట్లు, నిజాం కాలంలో నాటినవి. వికారాబాద్ పోయినవాళ్లకు ఆ పచ్చని గుమ్మటం గుర్తుంటుంది. సడక్‌ను నాలుగు లేన్లు చేయాలన్నారు, చెట్లు కొట్టొద్దని కొందరు జవానులు ట్రిబ్యునల్‌కు పోయారు, ఏళ్ల తరబడి నడిచింది. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొట్టి 20 మంది వరకు చనిపోయారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. ఆ రోజు టీవీల్లో చెట్ల మీద, చెట్ల కోసం కొట్లాడినవాళ్ల మీద కోపం వెళ్లగక్కారు. ఇంట్లో మనిషి పోయినవాళ్ల ముందు మర్రిచెట్టు గొప్పదనం చెప్పడం నా వల్ల కాదు. అయితే వాళ్లకు చెప్పాల్సింది ఇంకొకటుంది. సడక్ వెడల్పూ చెట్టూ రెండూ నిలిచే నక్షా గీయొచ్చు. చెట్ల వరసను మధ్యలో ఉంచి పక్కన కొత్త దారి వేయొచ్చు, తప్పని వాటిని వేర్లతో సహా తీసి వేరేచోట పెట్టొచ్చు. చివరికి ఎక్కువ చెట్లను నిలిపి పని చేసే వైపే కథ నడిచింది. ఆ నక్షా మొదటి ఏడాదే గీసి ఉంటే సడక్ ఎప్పుడో అయ్యేది. ఆలస్యం చెట్టు చేయలేదు, కాగితం చేసింది.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి 2018లో చెదలు పట్టినప్పుడు మందు కలిపిన సెలైన్ సీసాలు కొమ్మలకు వేలాడదీసి ఎక్కించారు, పడిపోయే కొమ్మలకు స్తంభాలు నిలిపారు. అదీ సర్కారే చేసింది. చేయాలనుకుంటే చేతనవుతుంది. గోల్కొండ నయా ఖిలాలో ‘హథియాన్ కా ఝాడ్’ అనే ఆఫ్రికా చెట్టు నాలుగు వందల ఏళ్లుగా ఉందంటారు, దాని చుట్టుకొలత 27 మీటర్లు. దాని దగ్గరలోనే ముల్లా ఖయాలీ మసీదు. మసీదు, దర్గా, గుడి, ఖబ్రస్తాన్ పక్కన చెట్లు ఎక్కువ కాలం నిలవడం నేను చాలా ఊళ్లలో చూశాను. మహిమ సంగతి నాకు తెలియదు. అక్కడికి రోజూ మనిషి వస్తాడు, అంతే.

అందుకే జూన్‌లో వార్డు ఆఫీసుకు పోయినప్పుడు మొక్క ఒక్కటే అడిగి రాకండి. గుంతలోకి ఎర్రమట్టి అడగండి, ఇనప జాలీ అడగండి, మొదటి రెండు ఎండాకాలాలు వారానికి ఎన్నిసార్లు ట్యాంకర్ వస్తుందో కాగితం మీద అడగండి. వేప, కానుగ లేదంటే ఏ నర్సరీలో ఉందో అడగండి. 10 శాతం మీ డబ్బే. చెట్టు కొట్టాలని ఎవరైనా వస్తే వాల్టా చట్టం కింద ఇజాజత్ చూపించమనండి, 2002 నుంచి ఆ చట్టం ఉంది. బదులుగా మీరివ్వాల్సింది రోజుకు ఒక బకెట్ నీళ్లు.

నీళ్లు ఎక్కడివంటే, నాకొకటి తోస్తుంది. ఐదు పూటలా మన మసీదుల్లో వుజూ నీళ్లు నేరుగా నాలాలోకి పోతున్నాయి. సబ్బు కలవని నీళ్లు. ఒక పైపు తిప్పితే సడక్ పక్క వరసంతా తడుస్తుంది. మా మసీదు కమిటీలో ఈ మాట పెట్టాను. పైపుకు, తవ్వకానికి ఎంతవుతుందో లెక్క వేయించి వచ్చే జుమాకు చెబుతామన్నారు సదర్ సాబ్.